చలనచిత్రంలో కుటుంబ వేదన, పరాయితనం: తరగతి గదిలో వాటి ప్రయోజనం

చలనచిత్రం కేవలం కాలక్షేప సాధనమనీ, విద్యాలయపు గడప తొక్కదగినది కాదనీ భావించే పెద్దలు మన మధ్య నేటికీ ఉన్నారు. వారి భావం పూర్తిగా నిరాధారమని మేము అనము. వారం వారం విడుదలయ్యే చిత్రాలలో కుటుంబమంటే పెండ్లిపందిరి, అత్తాకోడళ్ళ తగవు, చివరన అందరూ కలిసి దిగే ఫోటో మాత్రమే. అయితే ఒక ఇల్లు ఏ విధంగా చెదురుతుందో, చెదిరిన ఇంటిలో మనిషి తనవారి నడుమనే ఎట్లా పరాయివాడౌతాడో నిదానంగా చూపిన చిత్రాలు కూడా మన దేశంలో వచ్చినవి. అట్టి చిత్రాన్ని తరగతిలో చూపితే విద్యార్థికి కలిగే లాభమేమిటి, చూపేవేళ ఉపాధ్యాయుడు పాటించవలసిన జాగ్రత్త ఏమిటి అన్నదే ఈ వ్యాసానికి విషయం. ప్రధానంగా 'గరమ్ హవా' చిత్రాన్ని తీసికొని, 'ఒక ఊరి కథ', 'బజార్' చిత్రాలను అవసరమైనంత మేరకు స్పృశిస్తాము.

ముందుగా మాటల సంగతి. ఈ విషయాన్ని గురించి వ్రాసే విమర్శకులు 'మనోఘాతం', 'పరాయీకరణ' వంటి మాటలు వాడుతున్నారు. పరీక్షలో వ్రాయడానికి అవి చాలు. ఇంటిలో మాత్రం ఎవ్వరూ అట్లా అనరు. తెలుగింటిలో "బెంగ పెట్టుకున్నది" అంటారు, "మనిషి దెబ్బతిన్నాడు" అంటారు. ఉర్దూ మాట్లాడే ఇంటిలో దానినే "సద్మా" అంటారు. పరాయితనానికి ఉర్దూ సాహిత్యంలో 'బేగానగీ' అనే అందమైన మాట ఉన్నది. అయినా 'పరాయా' అన్నది కూడా ఆ భాషలో నిత్యవ్యవహారమే. మన 'పరాయి' దానికి తోబుట్టువు. ఉర్దూ, తెలుగు విభాగాల విద్యార్థులు ఒకే బల్ల మీద కూర్చునే మనవంటి కళాశాలలో ఈ ఒక్క మాటతోనే పాఠం ఆరంభించవచ్చును.

ప్రసంగవశాత్తు ఒక ముచ్చట. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి కావలసిన శాస్త్రపదాలను కూర్చడానికి దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ప్రత్యేకంగా పనిచేసింది. ఆ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాక పేరు సైతం ఉర్దూదేనని పెద్దలు చెబుతారు. తార్ అనగా తీగ, నాకా అనగా కాపలా చోటు. ప్రతిదినం తార్నాకలో బస్సు దిగే తెలుగు విద్యార్థి తాను రెండు ఉర్దూ మాటలు పలుకుతున్నట్లు ఎరుగడు. మనం పరాయిదనుకునే భాష మన నాలుక మీదనే ఉన్నదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మాకు దొరకలేదు.

ఇక చిత్రానికి వద్దాము. 'గరమ్ హవా' 1973లో నిర్మాణమై 1974లో ప్రజల ముందుకు వచ్చింది. దర్శకులు ఎం. ఎస్. సత్యు. ఇస్మత్ చుగ్తాయి అముద్రిత కథ ఆధారంగా కైఫీ ఆజ్మీ, షమా జైదీ చిత్రానువాదం రచించారు. మతకలహాలకు దారితీస్తుందేమోనన్న భయంతో సెన్సారువారు కొన్ని నెలలు ఆపి ఉంచిన ఈ చిత్రానికే పిమ్మట జాతీయ సమైక్యతకు ఇచ్చే జాతీయ పురస్కారం లభించింది. కథానాయకుని భార్యగా నటించిన షౌకత్ కైఫీ నాటి హైదరాబాదు రాజ్యంలో పెరిగినవారు. 1947లో హైదరాబాదులో జరిగిన ముషాయిరాలోనే ఆమెకు కైఫీతో పరిచయం కలిగింది.

కథ దేశవిభజన అనంతరం ఆగ్రాలో జరుగుతుంది. సలీం మీర్జా చెప్పుల కర్మాగారం నడుపుకునే పెద్దమనిషి. ఆయన అన్న హలీం రాజకీయ నాయకుడు, సకుటుంబంగా పాకిస్తాన్ వెళ్ళిపోతాడు. హవేలీ అన్న పేరున ఉండుటచేత అది దేశం విడిచిపోయినవారి ఆస్తిగా కస్టోడియన్ చేతిలోకి పోతుంది. ఇల్లు విడువనివాడు ఇంటిని పోగొట్టుకుంటాడు, విడిచిపోయినవాడి పేరు మాత్రం దస్తావేజులో మిగులుతుంది. చట్టంలోని ఈ చిక్కుముడే చిత్రమంతటికీ ఇరుసు. హైదరాబాదు విద్యార్థికి ఇది దూరపు కథ కాదు. 1948 సెప్టెంబరులో ఈ రాజ్యం భారతదేశంలో కలిసిన తరువాత ఇక్కడి నుండి కూడా కుటుంబాలు కరాచీకి తరలినవి. కస్టోడియన్ అనే మాట మన దేవిడీలలో కూడా ఒకనాడు ఇంటిమాట అయినది.

సత్యు ఈ వేదనను చూపిన తీరు గమనించదగినది. చిత్రం రైల్వే స్టేషనులో వీడ్కోలుతో ఆరంభమౌతుంది. సలీం మీర్జా తనవారిని రైలెక్కించి టాంగాలో తిరిగి వస్తాడు. మళ్ళీ కొంతకాలానికి మరొకరు, మళ్ళీ స్టేషను, మళ్ళీ టాంగా. చివరకు పెద్దకొడుకు కూడా వెళ్ళిపోతాడు. ఒకే పని పదే పదే జరిగిన కొలదీ ప్రేక్షకునికి భయం పుడుతుంది. ఇంటిలో ఎందరు మిగిలినారో లెక్కపెట్టడం మొదలుపెడతాడు. మా తరగతిలో ఒక విద్యార్థి నిజంగానే నోటు పుస్తకంలో గీతలు పెట్టి కొట్టివేస్తూ కూర్చున్నాడు. అతనికి మేము అట్లా చేయమని చెప్పలేదు.

ముసలితల్లి సన్నివేశం ఈ చిత్రానికి గుండెకాయ. ఇల్లు ఖాళీ చేసే రోజున ఆమె కనబడదు. వెతికితే వంటచెరకు పెట్టే చీకటి గదిలో నక్కి ఉంటుంది. ఈ ఇంటికి పెండ్లికూతురుగా వచ్చాను, ఇక్కడి నుండి కదలనని ఆమె పట్టు. ఎత్తుకొని తేవలసివస్తుంది. అద్దె ఇంటిలో ఆమెకు అన్నీ ఉన్నా ప్రాణం నిలువదు. అంత్యకాలంలో హవేలీని దక్కించుకున్న సింధీ వర్తకుని అనుమతి అడిగి, ఆమెను పల్లకీలో పాత ఇంటికి తెస్తారు. కోడలిగా పల్లకీలో వచ్చిన ఇంటికి మరణించడానికి పల్లకీలోనే వస్తుంది. ఇక్కడ గమనించవలసినది, ఆ వర్తకుడు దుర్మార్గుడు కాడు. అతడు కూడా సింధు నుండి ఇల్లు పోగొట్టుకొని వచ్చినవాడే. వేదనకు ఒక విలన్ ఉండితీరాలని మన చిత్రాలు నేర్పిన అలవాటును ఈ చిత్రం మెల్లగా మాన్పిస్తుంది.

కుమార్తె ఆమినా కథ మరింత కఠినం. తెలుగులో ఆడపిల్లను గురించి "ఈడ పిల్ల కాదు, ఆడ పిల్ల" అని శ్లేషగా అనడం కలదు. ఉర్దూ, హిందీ ఇండ్లలో 'పరాయా ధన్' అంటారు. రెండు సంప్రదాయాలూ ఆడపిల్లకు పరాయితనాన్ని పుట్టుకతోనే రాసిపెట్టినవి, అయితే దానికి బదులుగా మరొక ఇంటిని చూపినవి. ఆమినాకు ఆ మరొక ఇల్లు సరిహద్దుకు ఆవల పడింది. ఆమెను వరించిన కాజిం ఆమె కోసం తిరిగి వస్తే, పత్రాలు లేవని పోలీసులు పట్టుకొని పంపివేస్తారు. తరువాతివాడు షంషాద్ వెళ్ళినవాడు వెళ్ళినట్లే ఉండిపోతాడు. ఇక్కడా నిలువలేక, అక్కడికీ పోలేక ఆమె పెండ్లిదుస్తులతోనే ప్రాణం తీసికొంటుంది. తండ్రి గదిలోకి వచ్చి చూస్తాడు. ఏడువడు, కేక వేయడు. సలీం మీర్జాగా నటించిన బల్రాజ్ సాహ్నీ 1972లో తన కుమార్తెను పోగొట్టుకున్న తండ్రి. ఈ చిత్రంలో తన మాటల ధ్వనిముద్రణ ముగిసిన మరునాడే, 1973 ఏప్రిల్ 13న, ఆయన మరణించారు. ఈ సంగతిని విద్యార్థులకు చిత్రం చూడకముందు చెప్పరాదని మా అభిప్రాయం. ముందే చెబితే వారు నటుని కోసం ఏడుస్తారు, తండ్రిని చూడరు.

మేము ఎం. ఏ. చదివే రోజులలో ఈ చిత్రాన్ని మొదటిసారి చూచినది ప్రాంగణంలోని హాస్టలు గదిలో, ఒక ల్యాప్‌టాప్ చుట్టూ ఆరుగురము కూర్చుని. చిత్రం ముగిసేసరికి రాత్రి చాలా పొద్దుపోయింది. తార్నాక కూడలిలో చాయ్ దొరుకుతుందని నడుచుకుంటూ పోయినాము. మాలో కరీంనగర్ ప్రాంతపు మిత్రుడు ఒకడుండేవాడు. నిత్యం హాస్యమాడే మనిషి, ఆ రాత్రి దారి పొడుగునా మాట్లాడలేదు. చాయ్ చేతికి వచ్చిన తరువాత అన్నాడు: "మా నాయిన దుబాయి నుంచి మొదటిసారి వచ్చినప్పుడు నేను గుమ్మి ఎనక దాక్కున్న. ఎవరో వచ్చిండనుకున్న. మా అమ్మ గుంజుకొచ్చి చూపించింది." అంతకు మించి అతడు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆగ్రా ముసలితల్లి వంటచెరకు గదికీ, కరీంనగర్ పిల్లవాని ధాన్యపు గుమ్మికీ నడుమ సంబంధాన్ని ఏ పాఠ్యగ్రంథమూ చూపలేదు. వలసపోయిన తండ్రి తిరిగి వస్తే బిడ్డకు అపరిచితుడు కావడం కూడా ఇల్లు చెదరడమే. సరిహద్దు గీత లేకుండానే జరిగిన విభజన అది.

ఇందుకు విరుద్ధమైన అనుభవం కూడా మాకు కలదు. పేరు అనవసరమైన మరొకచోట ఇదే చిత్రాన్ని చూపిన అధ్యాపకుడు దీపాలు వెలిగించగానే తరగతి వైపు తిరిగి, "మీలో ఎవరి ఇండ్లలోనైనా పాకిస్తాన్ పోయినవారున్నారా?" అని ప్రశ్నించినాడు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు, చర్చ రగిలించాలనే. కాని ఆ ప్రశ్నతో గదిలోని నలుగురైదుగురు ముస్లిం విద్యార్థులు ఒక్కసారిగా సలీం మీర్జాలైపోయినారు. చిత్రంలో సలీం మీర్జా కరాచీలోని అన్నకు హవేలీ పటం పంపిన నేరానికి గూఢచారిగా అనుమానించబడతాడు, కోర్టు నిర్దోషి అన్నా వీధి అనదు. ఆ తరగతిలో ఆనాడు తెర మీది కథ బల్లల మీదికి దిగింది. తలవంచుకొని కూర్చున్న ఆ విద్యార్థులలో ఒకరు మరునాటి నుండి చర్చలో నోరు విప్పలేదు. చలనచిత్రం తరగతికి చేసే మొదటి ఉపకారమే విద్యార్థి తన ఇంటి గాయాన్ని మరొకరి ఇంటి పేరు మీద మాట్లాడగలగడం. ఆ చాటును మనమే లాగివేస్తే ఇక చిత్రమెందుకు?

అందువలన మేము అవలంబించే పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. చిత్రం తరువాత ఎవరినీ మాట్లాడమని అడగము. ఏదైనా ఒక్క సన్నివేశాన్ని తీసికొని పది వాక్యాలు వ్రాయమంటాము. చూచినది, విన్నది మాత్రమే వ్రాయాలి. బాధ, దుఃఖం, కన్నీరు అనే మాటలు వాడరాదు. ఉర్దూలో వ్రాసేవారికి గమ్, దర్ద్, ఆఁసూ నిషిద్ధం. మొదటిసారి చాలామంది మూడు వాక్యాల దగ్గర ఆగిపోతారు. ఆ మూడు మాటలు లేకుండా వేదనను గురించి వ్రాయడం తమకు ఇంతవరకు అలవాటు లేదని అప్పుడు వారికే తెలుస్తుంది. రెండవసారి వ్రాసినప్పుడు ఒక విద్యార్థిని వంటచెరకు గదిని గురించి ఇట్లా వ్రాసింది: "ముసలామె దాక్కున్నది ఇంటిలో ఎవరూ ఆస్తిగా లెక్కపెట్టని గదిలో." ఈ ఒక్క వాక్యానికి మేము పూర్తి మార్కులు వేసినాము. వ్యాకరణ దోషాలు మిగతా తొమ్మిదింటిలో ఉన్నవి, అవి దిద్దవచ్చును.

అద్దె ఇంటి కోసం సలీం మీర్జా తిరిగే సన్నివేశాన్ని ఎన్నుకున్నవారు కూడా ఉన్నారు. ఇల్లు చూపి, బేరం కుదిరి, చివరకు పేరు అడిగి వెనుకకు పోయే యజమానుల తరువాత, ఆయన ఒకచోట ముందుగానే తన పేరూ మతమూ చెప్పి, ఇప్పుడైనా ఇల్లు చూపుతారా అని అడుగుతాడు. దీనిపై వ్రాసిన ఒక విద్యార్థి చివరి వాక్యం: "తార్నాక, హబ్సిగూడ గల్లీలలో టు-లెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగినప్పుడు నేనూ చివరకు ముందే చెప్పడం నేర్చుకున్నాను." సూచనల ప్రకారం ఇది తెరపై చూచినది కాదు గనుక కొట్టివేయాలి. మేము కొట్టివేయలేదు, తరగతిలో చదివి వినిపించనూ లేదు. అతనికే తిరిగి ఇచ్చి, ఇష్టమైతే దీనిని పెంచి వ్రాయమన్నాము. పక్క బల్ల మీది తెలుగు విభాగపు మిత్రుడు, కులం అడిగి గది నిరాకరించిన యజమానిని గురించి వ్రాసినట్లు తరువాత తెలిసింది. వారిద్దరూ ఇప్పుడు ఒకే గదిలో ఉంటున్నారు.

'ఒక ఊరి కథ' వేరొక కోవకు చెందినది. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ 1935లో మొదట ఉర్దూలో 'జామియా' పత్రికలో వెలువడింది. దానిని 1977లో బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ తెలుగులో చిత్రించారు. ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందినది. ఉర్దూ విభాగం వారు మూలకథ చదివి వచ్చి చెప్పాలి, తెలుగు విభాగం వారు చిత్రపు సంభాషణలను వివరించాలి. ఒకరు లేక మరొకరికి పాఠం పూర్తి కాదు. మనవంటి కళాశాల కోసమే తీసినట్లున్నదని మేము నవ్వుకుంటూ ఉంటాము. ఇందులో పోగొట్టుకోవడానికి హవేలీ లేదు, ఒక గుడిసె. కష్టపడినంత మాత్రాన ఫలం తనకు దక్కదని పనినే విసర్జించిన తండ్రి వెంకయ్య, ఆయన వెంట నడిచే కొడుకు, ఆ ఇంటిని ఇల్లుగా చేయబూనిన కోడలు నీలమ్మ. ప్రసవవేదనలో ఆమె మరణిస్తుంది. 'గరమ్ హవా'లో లోకం ఇంటివారిని పరాయివారిని చేస్తే, ఇక్కడ ఇంటివారే ఇంటికి పరాయివారు. వెంకయ్యను ద్వేషించవలెనో అర్థం చేసుకోవలెనో విద్యార్థులకు తేలదు. అది తేలకపోవడమే మంచిది.

సాగర్ సర్హదీ 'బజార్' (1982) హైదరాబాదు కథే. వయసు మళ్ళిన ధనికునికి పేద ఇంటి ఆడపిల్లను పెండ్లి పేరిట కట్టబెట్టే దుర్మార్గం దాని ఇతివృత్తం. నటన, ఖయ్యాం సంగీతం శ్రేష్ఠమైనవి. అయినా మొదటి సంవత్సరపు విద్యార్థులకు దీనిని చూపడానికి మేము సంకోచిస్తాము. పాటలు ఎంత మధురమంటే, వారం తిరిగేసరికి పిల్లలు వాటిని కూనిరాగం తీస్తూ షబ్నమ్‌ను మరచిపోతారు. పైగా మన బస్తీల పేదరికాన్ని ఇతరులకు వింతగా చూపే ప్రమాదం కూడా ఉన్నది. పై తరగతులలో, తగిన ముందుమాటతో చూపవచ్చును.

భాషాబోధనకు కూడా ఈ చిత్రాలు ఉపకరిస్తాయి. నిజాం కళాశాలలో చదివిన శ్యామ్ బెనెగల్ తన తొలి కథాచిత్రం 'అంకుర్' (1974)లో మన దక్కనీ పలుకుబడిని తెరకెక్కించినారు. తమ ఇంటి మాట తెరపై వినగానే పిల్లలు ముందు నవ్వుతారు. పదినిమిషాల తరువాత ఆ నవ్వు ఆగిపోతుంది. ఇంటిభాష హాస్యగాని నోట మాత్రమే పలుకదగినదన్న భ్రమ అంతటితో కొంత తొలగుతుంది.

'గరమ్ హవా' ముగింపుపై మా తరగతి ఏనాడూ ఏకాభిప్రాయానికి రాలేదు. చివరకు తానూ దేశం విడువ నిశ్చయించి స్టేషనుకు బయలుదేరిన సలీం మీర్జాకు దారిలో ఊరేగింపు ఎదురౌతుంది. ఉద్యోగం దొరకని చిన్నకొడుకు సికందర్ టాంగా దిగి అందులో కలుస్తాడు. తండ్రి భార్యను ఇంటికి పంపి తానూ దిగిపోతాడు. ఇది గొప్ప ముగింపు అని విమర్శకులు మెచ్చుకున్నారు. ఒంటరి మనిషి పదిమందిలో కలవడం పరాయితనానికి సరియైన జవాబేనని మేమూ ఒప్పుకుంటాము. కాని ఒక విద్యార్థిని లేచి, "ఊరేగింపులో ఆమినాకు చోటేదీ?" అని అడిగింది. దానికి సమాధానం చెప్పబోయి ఇద్దరు విద్యార్థులు గంట మ్రోగేవరకు వాదించుకున్నారు. చిత్రం ఆ తండ్రికి దారి చూపినంత త్వరగా ఆ ఇంటికి చూపలేదని మా తలంపు. వెనుకకు మరలిన టాంగాలో తల్లి ఒక్కతే కూర్చుని ఉన్నది. దర్శకుడు ఆమె వెంట ఇంటిదాకా పోలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. చిత్రం నిడివి రెండున్నర గంటలకు కొంచెం తక్కువ, మన పీరియడు యాభై నిమిషాలు. మూడు ముక్కలుగా మూడు రోజులు చూపితే స్టేషను వీడ్కోళ్ళ పునరావృత్తి విద్యార్థికి అందదు. కావున సెమిస్టరుకు ఒక శనివారం పూట మొత్తం ఇప్పించవలెను. గదికి మందపాటి తెరలు, మాటలు స్పష్టంగా వినబడే స్పీకరు చాలు, ప్రొజెక్టరు మనకు ఉన్నదే. ఉర్దూ విభాగం నుండి ఒకరు, తెలుగు విభాగం నుండి ఒకరు అధ్యాపకులు తప్పనిసరిగా పక్కపక్కన కూర్చోవాలి. చూడలేక మధ్యలో లేచిపోదలచిన విద్యార్థిని కారణం అడగకుండా పోనివ్వాలి, హాజరు మాత్రం వేయాలి. వచ్చే ఏడు మొదట 'ఒక ఊరి కథ' చూపదలచినాము. 'కఫన్' ప్రతులు గ్రంథాలయంలో రెండే ఉన్నవి, మరి పది తెప్పించినచో మేలు.